కారు మొరాయిస్తే చలిని తిట్టి లాభమేమి?
ఎండ చేసిన గాయానికి, వాన చేసిన చెమ్మకు చలి మీద నింద

నగరి: మార్గశిరం అడుగుపెట్టిందంటే నగరి, పుత్తూరు, నిండ్ర, విజయపురం ప్రాంతాల పల్లెల్లో తెల్లవారుజామున కోడికూతతో పాటు మరో కూత వినిపిస్తుంది. అది కారు సెల్ఫు కూత. జోరుగా మొదలై, రానురాను మూలుగుగా మారి, చివరకు టక్కుమని ఆగిపోతుంది. తరువాత బానెట్ ఎత్తిన చప్పుడు, పక్కింటి తలుపు తట్టిన చప్పుడు, నలుగురు కలిసి బండిని వీధి చివరిదాకా నెట్టిన చప్పుడు వరుసగా వస్తాయి.

పగలంతా ఏ పేచీ లేకుండా తిరిగిన బండి తెల్లవారుజామునే ఎందుకు మొండికేస్తుంది? ఎవరిని అడిగినా ఒక్కటే జవాబు: చలి.

లెక్క చూస్తే మాత్రం ఈ జవాబు నిలవదు. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా నగరి ప్రాంతంలో తెల్లవారుజాము ఉష్ణోగ్రత సాధారణంగా 18, 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. లడఖ్‌లో సున్నాకు ఎంతో దిగువన కూడా మోటారు బండ్లు తిరుగుతున్నాయి. అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే లంబసింగిలో కొన్ని చలికాలపు రాత్రులు సున్నా దరిదాపులకు దిగుతాయి. అక్కడి జీపులు, వ్యాన్లు పొద్దున్నే కదలక మానడం లేదు. ఒంట్లో రోగం లేని ఇంజనుకు నగరి చలి ఒక చలే కాదు.

అసలు సంగతి ఏమంటే, బండికి ఎండాకాలంలో ఒక గాయం తగులుతుంది. వానాకాలంలో ఇంకొకటి తగులుతుంది. యజమాని అశ్రద్ధ వల్ల మూడోది తగులుతుంది. ఈ మూడింటినీ ఇంజను వేడి పగటిపూట కప్పిపెడుతుంది. చలి చేసేదల్లా ఉన్న సంగతి చాడీ చెప్పడమే. చాడీ చెప్పిన వాడిని తిట్టి, దెబ్బ కొట్టిన వాడిని వదిలేయడం వల్ల డబ్బు దండగవుతోంది. మొదట బ్యాటరీ మారుస్తారు. తగ్గదు. సెల్ఫు విప్పిస్తారు. తగ్గదు. డీజిలు పంపు తిరుపతికో, చెన్నైకో పంపిస్తారు. వేలు ఖర్చయ్యాక చివరకు తేలేది ఒక తుప్పుపట్టిన ఎర్తు పట్టీ.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఈ ప్రాంతం నుంచి పెద్ద వైద్యానికి పోయేవారు తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో పోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 2005లో మొదలైన 108 బండి ఉంది. నిజమే. కాని వేలూరులో పొద్దున్నే ఓపీ చీటీకి నిలబడవలసిన రోగికి, వారం వారం రక్తశుద్ధికి పోయే మనిషికి, తెల్లవారుజామున మూడింటికి లేచి మాట్లాడుకున్న కారే దిక్కు. ధనుర్మాసంలో తిరుమలకు, తిరుత్తణికి అద్దె కార్లు తోలుకుని బతికేవారికి ఒక్క పొద్దున బండి లేవకపోతే ఆ బేరం ఒక్కటే కాదు, ఆ ఇంటి బేరాలన్నీ పోతాయి.

ముందు చెవి పెట్టాలి

రెంచీ పట్టుకునే ముందు చెవి పెట్టడం మంచిదని పాత డ్రైవర్లు చెబుతారు. తాళం తిప్పగానే ఏ శబ్దం వస్తుందన్నదాన్ని బట్టి సగం రోగం తెలిసిపోతుంది.

టక్ అని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతే, లేదా టకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు, లేదా దాని తలల దగ్గర పట్టు లేదు. సెల్ఫు గిర్రున తిరుగుతూ ఇంజను మాత్రం కదలకపోతే సెల్ఫులోని పళ్లచక్రం ఇంజను చక్రాన్ని అందుకోవడం లేదు. ఇంజను బరువుగా, నిద్రలో ఒత్తిగిలినట్లు తిరిగితే బ్యాటరీ, వైర్లు, ఇంజను ఆయిలు ఈ మూడింటిలో ఒకటి. ఇంజను చురుగ్గానే తిరుగుతూ అందుకోకపోతే కరెంటు బాధ కాదు. పెట్రోలు బండి అయితే నిప్పురవ్వ గాని, పెట్రోలు గాని అందడం లేదు. డీజిలు బండి అయితే వేడి గాని, డీజిలు గాని అందడం లేదు.

ఇంకో చిన్న పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. ముందు లైట్లు వేసి, గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పాలి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ ఖాళీ, లేదా దాని తల వదులు. లైట్లు కొంచెం మందగించి ఇంజను తిరిగితే మామూలే. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఇంజనూ కదలకపోతే కరెంటు సెల్ఫుదాకా పోవడమే లేదు. అప్పుడు తాళం స్విచ్చి నుంచి సోలినాయిడు వరకు వైరు వెతకాలి. ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే మంచి బ్యాటరీని పారేసే పని తప్పుతుంది.

బ్యాటరీని చంపేది ఎండ

బ్యాటరీ చలికి చచ్చిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి దాన్ని చంపేది మన ఏప్రిల్, మే ఎండలు. బయట నలభై డిగ్రీలు దాటితే బానెట్ కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, సీసపు పలకలు తినేసుకుపోతాయి. పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీకి వయసు మీరడం దాదాపు రెండింతల వేగంతో సాగుతుందని ఆ పని తెలిసినవారు లెక్క చెబుతారు. అయినా మే నెలలో ఏ బాధా కనిపించదు. ఇంజను వేడిగా ఉంటుంది, ఆయిలు పలచగా ఉంటుంది, సెల్ఫుకు పెద్ద శ్రమ ఉండదు. సగం ప్రాణం పోయిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆయిలు చిక్కబడి సెల్ఫు ఎక్కువ బలం అడుగుతుంది. అదే సమయానికి బ్యాటరీ ఇచ్చే బలం కొంత తగ్గుతుంది. అడిగేది పెరిగి, ఇచ్చేది తగ్గేసరికి గుట్టు బయటపడుతుంది.

కాబట్టి బ్యాటరీని చూడవలసింది చలికాలంలో కాదు, ఎండలు ముగిసిన వెంటనే. మూతలు తీసి నీళ్లు పోసే రకమైతే పలకలు మునిగి కొంచెం పైదాకా ఉండేటట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోస్తే అందులోని ఉప్పులు పలకలను తినేస్తాయి. యాసిడ్ తగ్గిందేమోనని మళ్లీ యాసిడ్ పోయడం ఇంకో తప్పు. ఆవిరై పోయేది నీరే గాని యాసిడ్ కాదు.

చార్జింగు షాపుల్లో గాజు గొట్టంలాంటి హైడ్రోమీటరు ఉంటుంది. ఆరు గదుల్లోనూ అది 1.260 దాటి చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. 1.200 దగ్గర ఉంటే సగం. 1.120 దగ్గర ఉంటే ఖాళీ. ఐదు గదులు బాగుండి ఒక్కటే బాగా దిగువన ఉంటే ఆ గది చచ్చినట్లు. ఎంత చార్జింగు పెట్టినా మూడు రోజుల ముచ్చటే. మూతలు లేని కొత్త రకాలకు వోల్టు మీటరే గతి. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న మీటరు చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందు చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగం, 12కు దిగువన ఉంటే ఖాళీ అయినట్లే. సెల్ఫు తిరుగుతున్నప్పుడు 9.5 కంటే దిగువకు పోకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8కి, 14.4కి మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే తప్పు బ్యాటరీది కాదు, దానికి అన్నం పెట్టేవాడిది. అంటే డైనమో గాని, ఆల్టర్నేటరు గాని, వదులైన ఫ్యాను బెల్టు గాని.

ఊళ్లో తిరిగే బండ్లకు ఇంకో బాధ ఉంది. ఇంటి నుంచి ఏకాంబరకుప్పం బజారుకు పోయి సరుకులు వేసుకుని వచ్చే అయిదు పది నిమిషాల ప్రయాణంలో సెల్ఫు తాగిన కరెంటు తిరిగి నిండదు. పెళ్లికీ పెళ్లికీ మధ్య కొట్టంలో నిలబెట్టే బండి సంగతి చెప్పనే అక్కరలేదు. పాటల పెట్టె, దొంగల అలారం వంటివి రాత్రింబవళ్లు కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. అనుమానం ఉంటే ఒక రాత్రి బ్యాటరీ నెగటివు తల విప్పి పడుకోవాలి. పొద్దున్నే తగిలించగానే బండి చక్కగా లేస్తే, రాత్రిపూట కరెంటు తాగే దొంగ లోపలే ఉన్నాడన్నమాట.

ఎర్తు పట్టీ కథ

బ్యాటరీ తలల మీద తెల్లగా, పచ్చగా పూసే పిండిని చాలామంది పట్టించుకోరు. అది కరెంటుకు అడ్డుగోడ. వేడినీళ్లలో వంటసోడా కలిపి, మూతలు గట్టిగా బిగించి, ఆ నీళ్లతో కడిగితే బుసబుస పొంగి పోతుంది. సోడా నీళ్లు బ్యాటరీ లోపల పడకూడదు. తరువాత తలలు తుడిచి, ఇసుక కాగితంతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన వ్యాజిలైన్ పూయాలి. విప్పేటప్పుడు నెగటివు ముందు, బిగించేటప్పుడు నెగటివు చివర. ఈ వరుస తప్పితే రెంచీ బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతాయి.

ఇంతకన్నా మోసకారి ఎర్తు పట్టీ. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది గనుక కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఇంజను నుంచి బాడీకి ఒక అల్లిక పట్టీ ఉంటుంది. బురదలో, వాననీటిలో నానేది అదే. అది తుప్పుపట్టిందంటే కొత్త బ్యాటరీ వేసినా ఇంజను ఈడ్చుకుంటూనే తిరుగుతుంది. పాత బండ్లలో దీనికి మంచి గుర్తు ఒకటి ఉంది. సెల్ఫు కొట్టినప్పుడు చోకు తీగ గాని, యాక్సిలేటరు తీగ గాని వేడెక్కితే, పొగ వస్తే, ఎర్తు పట్టీ పని చేయడం లేదని నమ్మవచ్చు. దారి మూసుకుపోయిన కరెంటు ఆ సన్నని తీగల గుండా పోవాలని చూస్తుంది. బ్యాటరీ నెగటివు నుంచి ఇంజను లోహానికి ఒక లావుపాటి జంపరు వైరు తాత్కాలికంగా తగిలించి సెల్ఫు కొడితే అసలు విషయం అక్కడికక్కడే తేలుతుంది. ఇంజను చురుగ్గా తిరిగితే పట్టీ మార్చడంతో సరి.

ఆయిలు సంగతి ఒక్క మాట. కంపెనీ పుస్తకంలో రాసిన దానికన్నా చిక్కటి ఆయిలు పోస్తే ఇంజను బాగా నిలుస్తుందన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. డబ్బా మీద 20డబ్ల్యు-40 వంటి అంకెల్లో మొదటిది చలిలో ఆయిలు ఎంత చిక్కబడుతుందో చెబుతుంది. కొత్త కార్లకు పలచని ఆయిలు రాసి ఉంటే అదే పోయాలి.

చలి కాదు, చెమ్మ

చిత్తూరు ప్రాంతపు దక్షిణపు అంచుకు వానలు ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమ నిలిచి ఉంటుంది. నగరి ముక్కు అని పేరుపడిన కొండ చాలా పొద్దుల్లో మబ్బులో మునిగి కనిపించదు. ఆ చెమ్మ బానెట్ కింద కూడా చేరుతుంది. పాత పెట్రోలు బండ్లకు అసలు శత్రువు ఇదే.

అంబాసిడర్, పద్మిని, పాత మారుతి 800 వంటి బండ్లలో డిస్ట్రిబ్యూటరు ఉంటుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 కూడా 2014లోనే ముగిసింది. అయినా వాటిని ప్రాణంగా చూసుకునేవారు ఉన్నారు. ఈ బండ్లలో కాయిల్ నుంచి ప్లగ్గులకు పోయే కరెంటు వేల వోల్టులది. దానికి చెమ్మ, మురికి కలిసిన చిన్న దారి దొరికినా చాలు, ప్లగ్గుదాకా పోకుండా మధ్యలోనే దిగిపోతుంది. తెల్లవారుజాము చీకటే దీన్ని పట్టుకోవడానికి మంచి సమయం. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు దూరంగా నిలబడి, చేతులు పెట్టకుండా, బానెట్ లోపల చూడాలి. వైర్ల మీద, డిస్ట్రిబ్యూటరు మూత మీద సన్నని నీలిరంగు మెరుపులు పాకితే ఇక వేరే రుజువు అక్కరలేదు. మూత విప్పి లోపల, బయట పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బండి వెంటనే లేస్తుంది. మూతలో వెంట్రుకవాసి నల్లటి గీత కనిపిస్తే తుడిచి లాభం లేదు, మార్చాలి.

లోపలి పాయింట్లు గుంటలుపడి, ఒకవైపు మొటిమ లేచి ఉంటే కండెన్సరును కూడా అనుమానించాలి. అంబాసిడర్ పాత ఇంజనుకు పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గు సందు 0.025 అంగుళం. పాతబడిన ప్లగ్గుల్లో ఈ సందు పెరుగుతుంది. వేడి ఇంజనులో ఎలాగో దూకే నిప్పురవ్వ పొద్దున్నే దూకలేకపోతుంది. ప్లగ్గు విప్పి దాని ముఖం చూస్తే సంగతి తెలుస్తుంది. తడిగా పెట్రోలు వాసన వేస్తుంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదు. ఎంత సెల్ఫు కొట్టినా పొడిగా ఉంటే రవ్వ మాట తరువాత, పెట్రోలే రావడం లేదు. పొడి మసి పట్టి ఉంటే చోకు సరిగా వెనక్కి పోవడం లేదు.

పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. చల్లని ఇంజనులో ఆవిరి తక్కువ పుడుతుంది గనుక చోకు లాగి, గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతారు. చోకు లాగి, యాక్సిలేటరు ఒకటి రెండుసార్లు తొక్కి, పది సెకన్లకు మించకుండా సెల్ఫు కొట్టి, లేవకపోతే అర నిమిషం ఆగి మళ్లీ కొట్టాలి. కంగారులో పదిసార్లు తొక్కితే ప్లగ్గులు తడిసి మూర్ఛపోతాయి. అప్పుడు చోకు లోపలికి నెట్టి, యాక్సిలేటరు కిందిదాకా తొక్కిపట్టి సెల్ఫు కొడితే గాలి ఎక్కువై తడి ఆరుతుంది. వారాల తరబడి నిలబెట్టిన బండిలో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఎండిపోయి ఉంటుంది. పెట్రోలు పంపుకు చేతి పిడి ఉంటే నాలుగుసార్లు ఆడించి గిన్నె నింపితే బ్యాటరీకి శ్రమ తగ్గుతుంది. ఎండాకాలంలో ఇదే పంపు మీద తడిగుడ్డ కప్పే డ్రైవర్లు చలికాలంలో దాని ఊసే మరిచిపోతారు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై పాళ్ల ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి అడుగుతుంది, తేమను కూడా పీల్చుకుంటుంది. కొత్త కార్లను దానికి తగినట్లు తయారు చేస్తున్నారు. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, పంపులోని పొర మాత్రం తొందరగా చెడే వీలుంది. ఏడాదికోసారి వాటిని చూసుకోవాలి. పాత బండిలో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచకూడదు.

కార్బురేటరు లేని కొత్త కార్లకు చోకూ లేదు, ముందుగా తొక్కడమూ లేదు. తాళం ఒక మెట్టు తిప్పి, వెనక ట్యాంకులో పంపు చేసే సన్నని రొద ఆగేదాకా రెండు మూడు సెకన్లు నిలిచి, తరువాత సెల్ఫు కొట్టాలి. అలా రెండు మూడుసార్లు తాళం వేసి తీస్తేనే బండి లేస్తుంటే రాత్రిపూట పెట్రోలు ఒత్తిడి జారిపోతోందన్నమాట. ఇంజను వేడిని కనిపెట్టే సెన్సారు చెడినా ఇదే బాధ. ఇంజను చల్లగా ఉన్నా వేడిగా ఉందని అది అబద్ధం చెబితే కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. మెకానిక్కు స్కానరు పెట్టేది పొద్దున్నే, ఇంజను లేపకముందు అయితే ఆ అబద్ధం పట్టుబడుతుంది. అప్పుడు ఇంజను వేడి, లోపలికి వచ్చే గాలి వేడి ఇంచుమించు ఒక్కటిగా చూపాలి. షెడ్డుకు తోలుకుపోయిన వేడి బండిలో ఈ తేడా కనిపించదు. అందుకే చాలా బండ్లు రోగం దొరకకుండానే తిరిగి వస్తాయి.

డీజిలు బండికి పొగే జాతకం

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. అంబాసిడర్ డీజిలు వంటి పాత ఇంజన్లలో ఆ వేడి చల్లని గోడల్లో ఇంకిపోతుంది గనుక ఒక్కో సిలిండరుకు ఒక్కో హీటరు ప్లగ్గు పెట్టారు. డాష్‌బోర్డు మీద చుట్ట ఆకారంలో వెలిగే దీపం దానిదే. ఆ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫు కొట్టాలి. తొందరపడి కొడితే తరువాత పది నిమిషాలు పోతాయి.

సెల్ఫు కొడుతున్నప్పుడు వెనక ఒక మనిషిని నిలబెట్టి పొగ చూడమనాలి. తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే డీజిలు లోపలికి వస్తోంది, వేడి చాలక మండడం లేదు. హీటరు ప్లగ్గులు, వాటి రిలే, ఫ్యూజు చూడాలి. పొగ అసలు రాకపోతే డీజిలే రావడం లేదు. ఈ తేడా తెలియక హీటరు ప్లగ్గు చెడిన బండికి పంపు విప్పించినవారు ఉన్నారు, గాలి పట్టిన బండికి హీటరు ప్లగ్గులు కొన్నవారూ ఉన్నారు.

హీటరు ప్లగ్గు పరీక్ష సులువు. పాత రకాలలో ప్లగ్గు మీది వైరు గాని, పట్టీ గాని విప్పి, ఒక పన్నెండు వోల్టుల బల్బుకు ఒక కొస బ్యాటరీ పాజిటివుకు, రెండో కొస ప్లగ్గు తలకు తాకించాలి. బల్బు వెలిగితే ప్లగ్గుకు ప్రాణం ఉంది. వెలగకపోతే లోపలి తీగ తెగింది. నాలుగింటిలో ఒకటి పోతే బండి లేస్తుంది గాని కాసేపు గజగజ వణుకుతూ, తెల్లపొగ కక్కుతూ మూడు కాళ్ల మీద నడిచినట్లు ఉంటుంది. రెండు పోతే ఇక నెట్టుడే. కొత్త కామన్ రైలు ఇంజన్లు మన వాతావరణంలో హీటరు ప్లగ్గుల సాయం పెద్దగా లేకుండానే లేస్తాయి. అవి పొద్దున్నే మొరాయిస్తే ముందు డీజిలు ఒత్తిడి, బ్యాటరీ చూడడం మంచిది.

గాలి పట్టడం అన్నది రాత్రిపూట జరిగే పని. ట్యాంకు నుంచి ఫిల్టరుకు వచ్చే గొట్టంలో వెంట్రుకవాసి పగులు ఉన్నా, ఒక వాషరు నలిగినా చాలు. పగలు పంపు లాగుతున్నంతసేపు తెలియదు. బండి ఆపాక డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారి, దాని చోట గాలి చేరుతుంది. పగలు గంట ఆపితే లేచే బండి రాత్రంతా ఆపితే లేవకపోవడానికి కారణం చలి కాదు, ఈ ఆరేడు గంటల జారుడే. ఫిల్టరు దగ్గర ఒక జానెడు పారదర్శక గొట్టం పెట్టి చూస్తే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. ముందు పొద్దున సెల్ఫుకు బదులు చేతి పంపు నొక్కి డీజిలు నింపి చూడాలి. అలా చేసినప్పుడల్లా బండి మొదటి కొట్టుకే లేస్తే ఇక హీటరు ప్లగ్గుల జోలికి పోనక్కరలేదు. ఫిల్టరు కింది మరను వదులు చేసి అడుగున చేరిన నీళ్లు వదలడం వానాకాలం ముగియగానే చేయవలసిన పని.

పంపు, ప్లగ్గులు, బ్యాటరీ అన్నీ బాగున్నా చల్లని పొద్దుల్లోనే మొరాయించి, ఒకసారి వేడెక్కాక సాఫీగా లేచే పాత డీజిలు ఇంజనుకు రింగులు, వాల్వులు అరిగి ఉంటాయి. అది పెద్ద పని. కంప్రెషన్ మీటరు పెట్టి చూడకుండా ఎవరి మాట మీదా ఇంజను విప్పించకూడదు.

ప్రాణం మీదికి తెచ్చే చిట్కాలు

గాలి వచ్చే దారిలో పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథరు చిమ్మడం కొందరికి అలవాటు. హీటరు ప్లగ్గు ఎర్రగా కాలుతున్న డీజిలు ఇంజనులో ఈథరు పడితే పేలినట్లు మండి పిస్టన్ పగలవచ్చు. ఆయిలు ట్రే కింద మంట పెట్టడం లారీల కాలపు అలవాటు. కారిన డీజిలు, మురికి పట్టిన వైర్లు ఉన్నచోట అది బండినే కాల్చేస్తుంది. పెట్రోలు కొత్త కారును పదే పదే నెట్టి లేపితే మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కన్వర్టరులో చేరి దాన్ని పాడు చేస్తుంది. గేర్లు వాటంతట అవే మారే కార్లు నెట్టినా లేవవు. లేచిన బండిని వేడెక్కాలని మూసిన కొట్టంలో వదిలితే పొగలోని విషవాయువు వాసన కూడా లేకుండా మనిషిని తీసుకుపోతుంది. అర నిమిషం ఆగి బయటికి తీసి మెల్లగా నడపడమే ఇంజనుకూ మంచిది.

పక్క బండి బ్యాటరీ సాయం తీసుకోవడంలో తప్పు లేదు, వరుస తెలిస్తే. రెండూ పన్నెండు వోల్టులవే కావాలి. ఎర్ర వైరు ముందు ఖాళీ బ్యాటరీ పాజిటివుకు, తరువాత మంచి బ్యాటరీ పాజిటివుకు. నల్ల వైరు మంచి బ్యాటరీ నెగటివుకు, చివరి కొస మొరాయించిన బండి ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొసను తాకించేటప్పుడు చిన్న నిప్పురవ్వ తప్పదు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు దానికి అంటుకోకూడదనే ఈ దూరం. ఆ సమయానికి చుట్టూ చేరినవారి నోట్లో బీడీ ఉండకూడదు. బండి లేచాక తగిలించిన వరుసకు తలకిందులుగా విప్పాలి.

పాత అంబాసిడర్లకైతే ఇంకో దారి ఉంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో సెల్ఫు తయారు చేసి, మరుసటి ఏడాది అది క్యాడిలాక్ కార్లలోకి వచ్చేదాకా లోకమంతా హ్యాండిలు తిప్పే కారు లేపింది. పాత మార్కుల అంబాసిడర్ ముందు భాగంలో ఆ హ్యాండిలు దూర్చే రంధ్రం ఉంది. డిక్కీలో హ్యాండిలు ఇంకా ఉన్నవారు గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు లాగి, బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టుకోవాలి. కింది నుంచి పైకి ఒక్క లాగు లాగాలి. పై నుంచి కిందికి బరువు వేసి తొక్కితే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది.